స్టాంపు మీద ఎంగిలి

హాంకాంగ్,
14 ఫిబ్రవరి 1988

తమ్ముడు కార్యోకి,

ఫొటో అందింది. అందులో పాప పక్కన నీ మొహం కూడా పడింది. కత్తెరతో తీసేశాను. ఇప్పుడు ఫొటో బాగుంది.

ఎంత బొద్దుగా ఉందిరా నా మనవరాలు! ఆ బుగ్గలు అప్పుడే ఆవిరి మీంచి దింపిన కుడుముల్లా ఉన్నాయి. తొడల మీద ఆ మడతలేమిటి, చేతులకి గాజులేసినట్టు ఆ గీతలేమిటి! చూస్తుంటే కొరుక్కు తినెయ్యాలనిపిస్తోంది. నీ కూతురు, మన నెనితా కడుపున ఇంత అందమైన పిల్ల పుట్టిందంటే నమ్మలేకపోతున్నా. నీ పోలిక ఒక్కటీ రాలేదు, అదీ అదృష్టమే.

వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. నేను పనిచేసే ఇంటి అమ్మగారి అత్తగారు చాన్ అవ్వ నా పక్కనే ఉంది. కట్టుడు పళ్ళు తీసి గ్లాసులో పెట్టుకుని, పాప ఫొటో అటూ ఇటూ తిప్పి చూసి నవ్వుతోంది. కవరు తనే కిందకి తీసుకెళ్ళి పోస్టు డబ్బాలో వేస్తుందట. ఆవిడకి అదొక షికారు.

జూన్‌లో సాన్ హువాన్ పండగ రోజున జ్ఞానస్నానం అని రాశావు. నన్నే జ్ఞానతల్లిగా నిలబెట్టి, నా పేరే పెడతామన్న ముక్క మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. నెనితాకి నా ముద్దులు. సెలవు అడుగుతాను. అమ్మ పోయినప్పుడు వచ్చానంతే, మళ్ళీ ఊరు చూడలేదు.

ఊపింగ్ పిన్నిని అడిగానని చెప్పు. చుట్ట తగ్గించమను. తగ్గించదనుకో, అయినా చెప్పు.

మీ అక్క,
బసిలియా


బరియో కలంతాస్,
6 మార్చి 1988

సముద్రం అవతల నుంచే పని కానిచ్చేసిన మా బసిలియా అక్కకి,

నీ కాళ్ళకి దణ్ణం పెట్టి, నోటికి ఇంకో రెండు దణ్ణాలు ఎక్కువ పెట్టి కార్యో రాసేది.

అక్కా, ఎంత పని చేశావే! నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం నెనితా మెట్ల మీద కూర్చుని పైకి చదివింది. వాడంతా విన్నారు. హాంకాంగ్ ఉత్తరమంటే ఇక్కడ రేడియో నాటకం లెక్క. పాప ఒళ్ళోనే ఉంది. ‘కొరుక్కు తినెయ్యాలనిపిస్తోంది’ అన్న ముక్క దగ్గరికి రాగానే కెవ్వుమని ఒక్క కేక పెట్టింది. అంతే, ఇంక ఆపలేదు. పొట్ట డోలులా బిగుసుకుపోయింది. నేను కల్లు గీయడానికి కొబ్బరి చెట్టెక్కితే చెట్టు మీదికి కూడా వినబడుతోంది ఏడుపు. నాలుగో తరగతిలో బడి నన్ను వదిలేసినప్పుడు మన అమ్మ కూడా అంత గట్టిగా ఏడవలేదు.

ఆరోగ్య కేంద్రం మంత్రసానమ్మ వచ్చింది. గాలి చేరిందంది, చుక్కల మందు ఇచ్చింది, పాలు తాగాక భుజాన వేసుకుని తట్టమంది. తట్టాం. నెనితా చెయ్యి వాచింది. ఆవిడే వెళ్తూ వెళ్తూ, “ఊపింగ్ అవ్వకి కూడా ఓసారి చూపించండి, పోయేదేముంది” అంది. మొన్న తన మెడ పట్టేస్తే పిన్నే కదా అరిటాకుకి నూనె రాసి, వీపంతా జరిపి, ఆకు అతుక్కున్న చోట పట్టుకుని సరిచేసింది.

పిన్ని అడ్డపొగ తాగుతూ వచ్చింది. నిప్పు నోట్లో, మాట బయట. పాప పొట్ట మీద చెయ్యి వేసి, “దీన్నెవరో పొగిడారు. దిష్టి. నోటి దిష్టి” అంది.

ఇంకేముంది, ఊళ్ళో పాపని ముద్దుగా ఉందన్న వాళ్ళందర్నీ పిలిపించాం. పద్ధతి నీకు తెలిసిందేగా. పొగిడినవాళ్ళే బొటనవేలు నాలికకి తడి చేసుకుని బిడ్డ పొట్ట మీద రాయాలి. అందరూ వచ్చి రాశారు. కల్లు తాగినవాళ్ళు రాశారు, తమలపాకు నమిలేవాళ్ళు రాశారు. పాప పొట్ట ఎర్రటి జెండా అయింది గానీ ఏడుపు తగ్గలేదు.

అప్పుడు పిన్ని పళ్ళెంలో నీళ్ళు పోయించి, కొవ్వొత్తి కరిగించి చుక్క చుక్కగా వేసింది. నీళ్ళలో మైనం గడ్డకట్టి ఏ ఆకారం వస్తే వాళ్ళదే ఆ దిష్టి. గుండ్రంగా ఒక ముద్ద వచ్చింది, ముందుకి పొడుచుకొచ్చిన ముక్కుతో.

“పంది” అన్నాడొకడు.

“చర్చి గంట” అందొకావిడ.

“ఇది అచ్చం మన బసిలియా ముక్కు” అన్నారు గుంపులో ఎవరో. ఎవరన్నారో నేను చూడలేదు.

పిన్ని నెమ్మదిగా తలెత్తి, “ఉత్తరంలో పొగిడిందా?” అంది.

“పొగిడింది” అంది నెనితా.

“పువేరా ఉసోగ్ అని రాసిందా?”

నెనితా ఉత్తరం ముందూ వెనకా వెతికింది. లేదు. అదీ నువ్వు చేసిన పని! పొగడ్త చివర పువేరా ఉసోగ్, దిష్టి దూరంగా పో, అని ఒక్క మాట తగిలించి ఉంటే ఆ దిష్టి కాస్తా దారిలోనే సముద్రంలో పడి చేపలకి తగిలేది కదే. హాంకాంగ్ వెళ్ళాక ఆ మాత్రం మర్యాద కూడా మర్చిపోయావా?

కాబట్టి అక్కా, చిన్న సీసాలో నీ ఉమ్మి పట్టి వెంటనే పంపు. మూత గట్టిగా బిగించు, పోస్టుమ్యాన్ మంచివాడు.

ఇంకో సంగతి. అలాంటి నోరున్న మనిషి పేరు పిల్లకి పెట్టొచ్చా అని నెనితా కొంచెం తటపటాయిస్తోంది. పిచ్చి పిల్ల, నువ్వేమీ పట్టించుకోకు.

నీ ముద్దుల తమ్ముడు,
కార్యో


హాంకాంగ్,
20 మార్చి 1988

మకారియో,

తమ్ముడూ అని పిలవడం లేదు, గమనించు.

నా నోరు చెడ్డదా? నా ముక్కు పంది, గంటలతో సమానమా? ఆ ‘ఎవరో’ ఎవరో నాకు తెలియదనుకున్నావా? చిన్నప్పుడు పిన్ని మంత్రపు నూనె సీసాలో సబ్బు నీళ్ళు కలిపి నురగలు తెప్పించినవాడివి. దెయ్యపు మనిషి దగ్గరికొస్తేనే ఆ నూనె పొంగుతుందని ఊరంతా నమ్ముతారు కదా అని, సరిగ్గా ఫాదర్ గారి వంటమనిషి వచ్చినప్పుడు సీసా ఊపావు. పాపం ఆవిడ రెండు ఊళ్ళ అవతల వాళ్ళ అన్న ఇంటికి పారిపోయింది. ఇప్పుడు నా వంతు వచ్చిందన్నమాట.

నీకు ఎగతాళి. నాకు కాదు. నాకు పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు. నా పేరు ఒక పిల్లకి పెడతారని తెలిసిన రోజు నుంచీ, ఇక్కడ పరాయి వాళ్ళ పిల్లలకి పళ్ళు తోముతూ ఆ పేరు నాలో నేను పిలుచుకుంటున్నా. ‘బసిలియా, ఇటు రామ్మా. బసిలియా, అన్నం తిను.’ సంతలో తెల్ల లేసు గౌను కొన్నాను. అట్టపెట్టెలో పెట్టి రోజూ తీసి చూసుకుంటున్నా. మురిసిపోయి నాలుగు మాటలు రాస్తే అది దిష్టా?

సరే. దిష్టి నోరు గల మనిషిని గుడి మెట్ల మీద నిలబెట్టొద్దు. జ్ఞానతల్లిగా ఇంకెవర్నైనా చూసుకోండి. మంచి ముక్కున్న వాళ్ళని. పేరు కూడా వాళ్ళదే పెట్టండి. నేను రాను. ఉమ్మి పంపను. సీసా అంతకన్నా పంపను.

పాపకి ఎలా ఉందో మాత్రం వెంటనే రాయి.

బసిలియా

(నెనితా, పొట్టకి ఆవనూనె రాయకు, ఆముదం గోరువెచ్చగా చేసి రాయి.)


బరియో కలంతాస్,
10 ఏప్రిల్ 1988

మహిమ గల మా అక్కకి, పునీత బసిలియమ్మకి,

ముందు మోకాళ్ళ మీద కూర్చో. కూర్చున్నావా? పాపకి తగ్గింది! పువేరా ఉసోగ్!

నీ ఉత్తరం నెనితా చదివింది. గౌను ముక్క దగ్గరికొచ్చేసరికి ఉత్తరం కింద పెట్టేసింది. ఇటు అది ఏడుపు, అటు పాప ఏడుపు. నేను కూడా ఏడుద్దామనుకున్నా గానీ, వాళ్ళ మధ్యలో నా ఏడుపు ఎవడికి వినపడుతుంది? అంతా దిగాలుగా కూర్చుంటే, పిన్ని మాత్రం ఉత్తరం వదిలేసి కవరు పట్టుకుని తిప్పి తిప్పి చూస్తోంది.

“ఇదేంట్రా కార్యో?”

“స్టాంపు, పిన్నీ.”

“ఎలా అతుక్కుంది?”

“వెనక బంక ఉంటుంది. నాలికతో తడిపి అంటిస్తారు.”

పిన్ని నోట్లోంచి చుట్ట తీసింది. ఆవిడ చుట్ట తీయడం మన నాన్న చనిపోయినప్పుడు చూశాను, మళ్ళీ ఇప్పుడే.

“ఉమ్మి పంపనన్న మనిషి ఉమ్మి పంపేసింది” అంది.

అన్నం కుండ ఆవిరి మీద కవరు పట్టి స్టాంపు ఊడదీశాం. పిన్ని దాని మీద ఏదో గొణిగింది. లాటినో, బూతులో, ఇప్పటికీ నాకు అర్థం కాదు. పాప బొడ్డుకి పైన అతికించింది. స్టాంపు మీది రాణిగారి తల పాప పొట్ట మీద ఠీవిగా కూర్చుంది. అందరం ఊపిరి బిగపట్టి చూస్తున్నాం. పాప ఏడుపు ఆపి, రాణిగారి వైపు చూసి, ఒక్క తేనుపు తేన్చింది అక్కా! మా గేదె పెట్రా కూడా అంత పెద్దగా తేన్చదు. తేన్చి నిద్రపోయింది. అప్పట్నుంచి పాలు తాగుతోంది, నవ్వుతోంది, నేను ఎత్తుకుంటే ఒళ్ళు తడిపేస్తోంది. అన్నీ మామూలే.

ఇప్పుడు నీ పేరు ఊళ్ళో మోగిపోతోంది. ఇన్నాళ్ళ నీ కవర్లన్నీ చూరులోంచి దింపించారు. ఒకడు మోకాలి నొప్పికి స్టాంపు అతికించుకున్నాడు. పక్కింటివాడు పందెం కోడి నుదుటికి అతికించాడు. కోడి ఓడిపోయింది, కానీ చాలా ధైర్యంగా ఓడిపోయిందట. గుడ్ ఫ్రైడే రోజున పిన్ని కొండెక్కి వేళ్ళూ ఆకులూ ఏరుకొచ్చి, ఏటా కాచినట్టే నూనె కాచి, అందులో నీ స్టాంపు ముక్క ఒకటి వేసింది. బయటికి మాత్రం, “మనుషులంతా స్టాంపుల వెంట పడుతున్నారు, నా దగ్గరికి బెణుకులకే వస్తున్నారు” అని రుసరుసలాడుతోంది. లోపల గర్వమే. ఎవరొచ్చినా, “దాని బొడ్డు కోసింది నేనే” అని చెబుతోంది.

పాపకి నీ పేరే. నెనితా ఒట్టేసింది. కోపం తీసేసి రా. గౌను తేవడం మర్చిపోకు. నువ్వు రాకపోయినా గౌను వస్తే చాలు, పువేరా ఉసోగ్.

కార్యో

ఇక్కడ నుంచి పిన్ని చెబుతుంటే రాస్తున్నాను, నా పూచీ లేదు: “అమ్మాయ్ బసిలియా. ముక్కు మాట అన్నది వీడే. నేను చూశాను. మైనంలో నాకు ముందు కనిపించింది పందే. నువ్వు రా. వీడి సంగతి నేను చూసుకుంటా.” ఇదంతా ముసలావిడ మతిమరుపు అక్కా. చుట్ట ప్రభావం.


హాంకాంగ్,
26 ఏప్రిల్ 1988

మా తమ్ముడు, అబద్ధాల కల్లుకుండ, పువేరా ఉసోగ్, కార్యోకి,

పాప తేన్చిందని చదివి వంటింట్లో నిలబడే ఏడ్చాను. ఉల్లిపాయలని చెప్పి తప్పించుకున్నా. పాప బాగుంది, పువేరా ఉసోగ్. నెనితా బాగుంది, పువేరా ఉసోగ్. గేదె బాగుంది, పువేరా ఉసోగ్. మీ ఇంటి గడప, చూరు, అన్నం కుండ, దాని మూత, అన్నిటికీ పువేరా ఉసోగ్. చాలా? ఇంకేమైనా మిగిలిపోతే నువ్వే కలుపుకో.

ఇప్పుడు నిజం చెబుతాను, కూర్చుని విను. నేను ఆ స్టాంపుని నాకలేదు.

ఈ ఇంట్లో స్టాంపులు నాకేది చాన్ అవ్వ. ఆవిడకి ఆ బంక రుచి ఇష్టం. కోడలు తీపి తిననివ్వదు కదా, ఇదే ఆవిడ మిఠాయి. కవరు ఎవరిదైనా సరే లాక్కుంటుంది. కళ్ళు మూసుకుని, పిల్లి పాలు తాగినట్టు నెమ్మదిగా నాకి, దబ్బున అంటించి, చెయ్యితో ఒక్క గుద్దు గుద్దుతుంది. ఇన్నేళ్ళుగా మీకు వచ్చిన ప్రతి కవరు మీదా ఉన్నది ఆవిడ ఎంగిలే. మోకాలికీ అదే, కోడి నుదుటికీ అదే, పిన్ని నూనెలోనూ అదే.

అంటే లెక్క ఏమయింది? నా ఉమ్మి తగలకుండానే పాపకి తగ్గింది. కాబట్టి దిష్టి నాది కాదు. నా నోరు పాలలా స్వచ్ఛం. నువ్వు, నెనితా, పంది అన్నవాడూ, గంట అన్నావిడా, అందరూ నాకు క్షమాపణ రాయండి. పిన్ని అక్కర్లేదు, ఆవిడ నా పక్షమే.

జ్ఞానస్నానానికి మాత్రం రాలేను. కోపం వల్ల కాదు. సెలవు అడిగితే మా అమ్మగారు, “ఎవరి పెళ్ళి? ఎవరి చావు? మీ తమ్ముడి కూతురి కూతురా? దానికి నువ్వెందుకు?” అంది. నిజమే కదా, ఎందుకని చెప్పను? గౌను పార్శిలు చేసి పంపుతాను. ఫాదర్ పక్కన ఎవరో ఒకరు నిలబడండి. పాపని బాగు చేసింది చాన్ అవ్వే కాబట్టి, ఆవిడనే జ్ఞానతల్లి అనుకోండి.

బసిలియా


బరియో కలంతాస్,
8 మే 1988

నోరు పాలలా స్వచ్ఛం అయి కొంప ముంచిన మా అక్కకి,

క్షమాపణ అడిగేవాళ్ళంతా గుమ్మంలో వరసగా నిలబడ్డారు. ముందు ఇది చదువు.

నెనితా నీ ఉత్తరం పైకి చదివింది. ‘నేను నాకలేదు’ అనగానే అందరూ మెడలు చాచారు. ‘చాన్ అవ్వ’ అనగానే గోల. మోకాలివాడు మోకాలు పట్టుకుని కుంటడం మొదలెట్టాడు, అంతవరకూ గెంతుతున్నవాడే. కోడివాడు, “పరాయి భాష ఎంగిలి, అందుకే నా కోడికి అర్థం కాలేదు” అన్నాడు. ఆ అరుపులకి పాప ఉలిక్కిపడి లేచి కెవ్వుమంది.

“చూశావా! మళ్ళీ మొదలు!” అని నెనితా గుండెలు బాదుకుంది.

“మీరంతా నోరు మూస్తే అది కూడా మూస్తుంది” అన్నాన్నేను. నా మాట ఎవరు వింటారు? అందరూ పిన్ని వైపు తిరిగారు.

పిన్ని చుట్ట చివరిదాకా కాల్చింది. నాకు భయమేసింది అక్కా. నిజం చెప్పొద్దూ, ఊరంతటి ముందూ ఆవిడ వైద్యం తప్పయిపోయిందే, ఈ ముసలిది ఎలా తట్టుకుంటుందా అనుకున్నా. మంత్రసానమ్మ కూడా అక్కడే ఉంది. ఆవిడా పిన్ని మొహమే చూస్తోంది.

చుట్ట పారేసి పిన్ని అంది కదా: “ఆ చాన్ ఎవరో పిల్ల ఫొటో చూసి నవ్విందని బసిలియా రాయలేదూ? మనసులో పొగడకుండా ముసలాళ్ళు నవ్వుతారా? పొగిడింది. దిష్టి పెట్టింది. తన దిష్టి తనే తీసింది. అక్కడికి అది సరి. ఇక బసిలియా పొగిడిన పొగడ్త బిడ్డ మీద అలాగే ఉంది. దాన్ని బసిలియాయే వచ్చి తీయాలి.”

“అయితే సీసాలో...” అన్నాన్నేను.

“సీసా లేదు, గీసా లేదు. మనిషి రావాలి. బొటనవేలు రావాలి.”

మంత్రసానమ్మ ఏమందో తెలుసా? “నేను కూడా అదే చెబుదామనుకుంటున్నా” అంది. అని మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది. పిన్ని నవ్వలేదు. కానీ నాకు కన్ను కొట్టింది అక్కా. ఊళ్ళో ఇన్నాళ్ళుగా నేనే పెద్ద కొంటెవాణ్ణి అనుకుంటున్నా. కాదని ఆ రోజు తెలిసింది.

కింద పిన్ని మాటలు మీ అమ్మగారికి. నువ్వే వాళ్ళ భాషలో చదివి వినిపించు. చాన్ అవ్వ ముందు చదువు, అది ముఖ్యమట:

“అమ్మా, నేను కలంతాస్ బరియోలో వైద్యం చేసే ఊపింగ్‌ని. ఇక్కడ ఎవరు పుట్టినా నా చేతుల్లోకే పుడతారు. బసిలియా కూడా. ఇక్కడ ఒక బిడ్డకి బసిలియా చేతి మందు కావాలి. అంగట్లో దొరకదు. మీ ముసలమ్మ పంపిన మందు బాగా పనిచేసింది, ఆవిడ చెయ్యి మంచిది, నాలిక ఇంకా మంచిది. రెండో మోతాదు బసిలియా దగ్గరే ఉంది. సాన్ హువాన్ పండగకి పంపించండి. తిరిగి పంపేస్తాను. బదులుగా మీ ముసలమ్మకి మోకాళ్ళ నొప్పులుంటే నూనె ఇచ్చి పంపుతా.”

అక్కా, దానికి నువ్వెందుకు అని మీ అమ్మగారు అడిగిందిగా. జవాబు దొరికిందా?

పాప నీ ఫొటో చూసి నవ్వుతోంది. ముక్కు చూసే అనుకుంటా.

కార్యో


హాంకాంగ్,
29 మే 1988

కార్యో,

పొట్టిగా రాస్తున్నా, పెట్టె సర్దుకోవాలి.

పిన్ని మాటలు భోజనాల దగ్గర చదివాను. నాకొచ్చిన వాళ్ళ భాష ఎంత? ‘నాలిక ఇంకా మంచిది’ అన్న చోట చాన్ అవ్వ నవ్వీ నవ్వీ కట్టుడు పళ్ళు సూపులో పడేసుకుంది. పళ్ళు కడిగి పెట్టుకుని కోడలి వైపు తిరిగి, “అక్కడ నా పేషెంట్లున్నారు. ఈ పిల్లని పంపు” అంది. అవ్వ ఈ ఇంట్లో ఏదైనా గట్టిగా చెప్పడం నేను చూడటం అదే మొదలు. సెలవు దొరికింది.

సాన్ హువాన్‌కి రెండు రోజుల ముందు సాయంత్రం పడవకి దిగుతాను. రేవుకి రా. గేదె బండి కట్టుకుని రా. తాగి రాకు. ఎవరైనా ముక్కు గురించి ఒక్క మాటన్నా అదే పడవలో వెనక్కెళ్తా.

చాన్ అవ్వ పిన్నికి చుట్టల పెట్టె ఇచ్చింది. నిప్పు నోట్లో పెట్టుకుంటుందని చెబితే నమ్మడం లేదు, ఫొటో తీసి తెమ్మంది. పంది అన్నవాడికి ఏమీ తేవడం లేదు.

గౌను పైనే పెట్టాను, నలగకుండా. నెనితాతో చెప్పు, నేను దిగేసరికి పాప పొట్ట మీద గుడ్డ లేకుండా సిద్ధంగా ఉంచమను. ముందు పొట్ట, తర్వాతే భోజనం, పలకరింపులు.

ఈ కవరు చాన్ అవ్వ చేతికివ్వలేదు. చాలా అలిగింది. స్టాంపు కుళాయి నీళ్ళతో అంటించాను. ఎందుకంటే, ఎంగిలంతా దాచుకుని నేనే వస్తున్నా.

మీ అక్క,
పెద్ద బసిలియా